మైనపు ముఖాల శిల్పి - మేడమ్ టుస్సాడ్

అనంతపురం జిల్లాలోని కంబదూరు ప్రాంతంలో వానకు కరవు గాని రాతికి కరవు లేదు. ఆ ఊరి ప్రాచీన మల్లికార్జునాలయాన్ని నిర్మించిన శిల్పులు రాతిని నమ్ముకున్నారు. శతాబ్దాల ఎండకు, గాలికి ఓర్చి వారి పనితనం నేటికీ నిలిచి ఉంది. అదే ఊరిలో చైత్ర వైశాఖాల మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక కొవ్వొత్తిని నిలిపితే కొద్దిసేపటికే అది మెడ వాల్చేస్తుంది. అటువంటి మైనంతో మనిషి రూపాన్ని నిలపాలనుకోవడం సాహసమే.

మైనం మన శిల్పులకు తెలియనిది కాదు. కళ్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన మానసోల్లాసంలో లోహవిగ్రహాల పోతపద్ధతి వర్ణింపబడింది. ముందుగా మైనంతో విగ్రహాన్ని తీర్చి, దానికి మట్టి పూత పూసి, వేడిచేసి మైనాన్ని కరిగించి తీసివేసి, ఏర్పడిన ఖాళీలో కరిగిన లోహాన్ని పోస్తారు. మధూచ్ఛిష్ట విధానమని దీనికి పేరు. ఇందులో మైనం తన పని ముగించుకొని అదృశ్యమవుతుంది. లోహం మిగులుతుంది, మైనాన్ని ఎవరూ తలచుకోరు. ఐరోపాలో మాత్రం మైనమే మిగిలే కళ ఒకటి వృద్ధి చెందింది. వైద్యవిద్యార్థులకు దేహనిర్మాణం బోధించడానికి అవయవాల నమూనాలను, సంపన్నుల ఇళ్ళలో అలంకరించడానికి ముఖచిత్రాలను అక్కడ మైనంతోనే చేసేవారు. ఆ కళకు ప్రపంచమంతటా పేరు తెచ్చిన స్త్రీ మేరీ టుస్సాడ్.

మేరీ 1761 డిసెంబరులో ఫ్రాన్సు దేశపు తూర్పు సరిహద్దున గల స్ట్రాస్‌బర్గ్ నగరంలో జన్మించింది. పుట్టింటి పేరు గ్రోషోల్ట్జ్. తండ్రి సైనికుడు. ఆమె పుట్టడానికి రెండు నెలల ముందే అతడు యుద్ధంలో మరణించాడని ఆమె తరువాత చెప్పుకొన్నది. ఆధారం కోల్పోయిన తల్లి బిడ్డను చంకనెత్తుకొని స్విట్జర్లాండులోని బెర్న్ నగరానికి చేరి, ఫిలిప్ కర్టియస్ అనే వైద్యుని ఇంట గృహనిర్వహణకు కుదిరింది. కర్టియస్ శరీరభాగాల నమూనాలను మైనంతో తయారుచేయడంలో దిట్ట. క్రమంగా వైద్యం వెనుకబడి మైనం ముందుకు వచ్చింది. మనుషుల ముఖాలను మైనంలో పోతపోసి పేరు గడించి, 1765 ప్రాంతంలో అతడు పారిస్ చేరాడు. కొంతకాలానికి తల్లీకూతుళ్ళను కూడా అక్కడికి రప్పించుకొన్నాడు. మేరీ అతనిని మామయ్యా అని పిలిచేది. పనిమనిషి కూతురిని ఇంటిపనికి పరిమితం చేయక తన విద్య అంతటినీ ఆమె చేతిలో పెట్టడం కర్టియస్ చేసిన గొప్ప పని. ఆనాడు స్త్రీలకు చిత్రకళాశాలల తలుపులు దాదాపు మూసే ఉండేవి.

ఆ విద్య చూపులకు సులభంగా కనిపించినా చేతికి కష్టమైనది. ముఖాన్ని అచ్చు తీయించుకొనే వ్యక్తి జుట్టును వెనక్కు దువ్వి కట్టేవారు. కనుబొమలకు, రెప్పలకు నూనె పట్టించేవారు. ఊపిరి ఆడేందుకు ముక్కుపుటాలలో సన్నని గొట్టాలు ఉంచి, పలుచగా కలిపిన ప్లాస్టరును ముఖమంతా పూసేవారు. ఆ కొద్ది నిమిషాలు రాజైనా, బంటైనా పెదవి కదపకుండా పడుకోవలసిందే. ప్లాస్టరు గట్టిపడిన తరువాత ఊడదీస్తే ముఖం తిరగబడిన రూపంలో వచ్చేది. అందులో మట్టి అదిమి తల రూపం తీసి, మూసి ఉన్న కళ్ళను తెరిపించి, ముఖకవళికలను సరిదిద్ది, దానిపై మరల భాగాలు భాగాలుగా ప్లాస్టరు అచ్చు తీసేవారు. ఈ రెండవ అచ్చులోకి కరిగిన తేనెమైనం పోసేవారు. మైనం అంచుల నుండి గట్టిపడుతుంది. తగినంత మందం ఏర్పడగానే లోపలి ద్రవాన్ని తిరిగి ఒంపివేస్తే డొల్లగా ఉన్న తల మిగిలేది. వెనుకవైపు నుండి గాజుకళ్ళు అమర్చి, సూదితో వెంట్రుకలు ఒక్కొక్కటిగా గుచ్చి, పలుచని రంగులు పొరలు పొరలుగా అద్దేవారు. పాలరాయి గాని కంచు గాని ఇవ్వలేనిది మైనం ఒకటి ఇస్తుంది. వెలుతురు దాని పైపొరపై ఆగిపోక కొంచెం లోపలికి దిగి వెనక్కు వస్తుంది. మన చర్మంపై జరిగేదీ అదే. మైనపు బొమ్మ ఊపిరి తీస్తున్నట్లు కనిపించడంలోని రహస్యం ఇదే. ఇంత సూక్ష్మమైన పనిని ఉన్నత కళగా గుర్తించడానికి నాటి పండితులు ఇష్టపడలేదు. సంతలో వినోదంగానే లెక్కించారు. రంగులద్దిన శిల్పాన్ని తక్కువగా చూడడం వారికి అలవాటు.

పారిస్‌లో కర్టియస్ ప్రదర్శనలు జనాన్ని విశేషంగా ఆకర్షించాయి. ఒకచోట ప్రముఖుల బొమ్మలు, మరొకచోట పేరుమోసిన దొంగల, హంతకుల బొమ్మలు ఉండేవి. వార్తాపత్రికలలో చిత్రాలు లేని ఆ కాలంలో తమ రాజు ముఖం ఎలా ఉంటుందో సామాన్యుడికి నాణెంపై తప్ప తెలిసే దారి లేదు. కొద్ది చిల్లరతో రాజకుటుంబాన్ని కళ్ళెదుట చూడగలగడం వారికి అపూర్వం. పదిహేడేళ్ళు నిండేసరికే మేరీ స్వయంగా బొమ్మలు చేయగలిగింది. తత్త్వవేత్త వోల్టేర్ ముఖాన్ని, అతని మరణానికి కొద్దికాలం ముందు ఆమె మైనంలో రూపొందించింది. రూసో, అమెరికా రాయబారి బెంజమిన్ ఫ్రాంక్లిన్ ముఖాలు కూడా ఆమె తొలినాటి పనులలో చేరతాయి.

రాజు పదహారవ లూయీ చెల్లెలైన ఎలిజబెత్‌కు కళ నేర్పే గురువుగా తాను వెర్సాయ్ రాజభవనంలో చాలా ఏళ్ళు ఉన్నానని మేరీ వృద్ధాప్యంలో చెప్పింది. రాజభవనపు లెక్కలలో ఆమె పేరు కనబడనందున చరిత్రకారులు ఈ మాటను అనుమానిస్తారు. ప్రదర్శన నడిపే వ్యక్తి తన గతానికి కూడా కొంత రంగు అద్దుకొని ఉండవచ్చు. ఆమె జీవితాన్ని చదివేటప్పుడు ఈ ఎరుక అవసరం, ఎందుకంటే ఆమె బాల్యయౌవనాలను గురించి మనకు తెలిసిన దానిలో అధికభాగం ఆమె చెప్పినదే.

1789 వచ్చింది. కరవుతో, పన్నులతో కుంగిన ఫ్రాన్సు ప్రజలు తిరగబడ్డారు. ప్రజల అభిమానం పొందిన ఆర్థికమంత్రి నెక్కర్‌ను రాజు తొలగించాడన్న వార్త జూలై 12న పారిస్‌లో వ్యాపించింది. కోపోద్రిక్తులైన జనం కర్టియస్ ప్రదర్శనశాలకు వచ్చి నెక్కర్ తలను, ఓర్లియాన్స్ ప్రభువు తలను అడిగి తీసుకొన్నారు. ఆ మైనపు తలలకు నల్లని వస్త్రం కప్పి ఊరేగించారు. సైనికులు ఆ ఊరేగింపుపై విరుచుకుపడ్డారు. బాస్టిల్ కోట కూలడానికి రెండు రోజుల ముందు జరిగిన ఈ ఘటనలో మైనపు బొమ్మలు నాయకుల స్థానంలో నడిచాయి.

తరువాత వీధులలో నడిచినవి మైనపు తలలు కావు. విప్లవం నాలుగేళ్ళలో గిలోటిన్ అనే శిరచ్ఛేద యంత్రం చేతికి చిక్కింది. 1793 జనవరిలో రాజు, అక్టోబరులో రాణి మేరీ ఆంట్వనెట్ దాని కత్తికి బలయ్యారు. తెగిన తలల నుండి అచ్చులు తీసే పని తనపై పడిందని మేరీ చెప్పింది. ఒకనాడు తాను చూసిన ముఖాలనే, రక్తం ఇంకా ఆరకముందే ఒడిలో ఉంచుకొని ప్లాస్టరు పూయవలసి వచ్చిందట. రాణి చెలికత్తె లంబాల్ రాకుమారిని మూక చంపినప్పుడు ఆ తలను కూడా ఆమె ముందుంచారట. 1793 జూలైలో స్నానపు తొట్టెలో హత్యకు గురైన మారా ముఖాన్ని, ఏడాది తిరిగేసరికి గిలోటిన్ పాలైన రోబెస్పియర్ ముఖాన్ని కూడా ఆమె అచ్చు తీసిందంటారు. మృతుల పక్షమేదో, చంపినవారి పక్షమేదో చూడకుండా ఆ చేతులు పనిచేశాయి. కాదనే స్వేచ్ఛ ఆమెకు లేదు. రాజకుటుంబంతో పరిచయమున్నవారు నిరాకరిస్తే మరునాడు తామే ఆ బండి ఎక్కవలసి వచ్చేది.

ఆ అనుమానంతోనే తనను ఒకసారి చెరసాలలో వేశారని, శిరచ్ఛేదానికి సిద్ధంగా జుట్టు కత్తిరించారని, విప్లవనాయకులలో ఒకని జోక్యంతో బయటపడ్డానని ఆమె చెప్పింది. తరువాతి కాలంలో నెపోలియన్ భార్య అయిన జోసెఫీన్ ఆ చెరలో తనతో ఉన్నదని కూడా ఆమె చెప్పుకొన్నది. ఇందులో ఎంత నిజమో తేల్చే పత్రాలు లభించవు. ఆమె చేసిన ప్రతి అచ్చు నేరుగా మృతదేహం నుండి తీసినదేనా అన్న చర్చ కూడా ఉంది. అయితే ఆ భీకరమైన రోజులలో ఆ నగరంలో అదే వృత్తిలో ఆమె జీవించిందన్నది సందేహం లేని విషయం. కళాకారునికి తన వస్తువును ఎన్నుకొనే హక్కు ఉంటుందని మనం సులభంగా అంటాము. మేరీకి ఆ హక్కు దక్కలేదు. ఆమెకు దక్కింది పని ఒక్కటే, దానినే ఆమె చక్కగా చేసింది.

1794 సెప్టెంబరులో కర్టియస్ మరణించాడు. బొమ్మలను, అచ్చులను, ప్రదర్శనశాలను మేరీ పేర వ్రాసిపోయాడు. వాటితో పాటు అప్పులూ వచ్చాయి. మరుసటి ఏడు ఆమె ఫ్రాంస్వా టుస్సాడ్ అనే ఇంజనీరును వివాహమాడింది. తొలి సంతానమైన ఆడబిడ్డ పుట్టగానే మరణించింది. తరువాత జోసెఫ్, ఫ్రాంస్వా అనే ఇద్దరు కుమారులు కలిగారు. భర్త సంపాదన స్థిరమైనది కాదు. విప్లవంతో అలసిన పారిస్ ప్రజల చేతిలో వినోదానికి డబ్బు లేదు. కుటుంబభారం మేరీ మీదనే పడింది.

1802లో ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య సంధి కుదిరి దారులు తెరుచుకొన్నాయి. లండన్‌లో దీపపు వెలుగుతో గోడపై దయ్యాల నీడలు ఆడించే ఫిలిడోర్ అనే ప్రదర్శకుడు తనతో కలిసి పనిచేయమని ఆమెను ఆహ్వానించాడు. లాభంలో సగం అతనికి ఇవ్వాలన్నది ఒప్పందం. నలభై ఏళ్ళ వయసులో, ఆంగ్లభాష రాకుండా, నాలుగేళ్ళ జోసెఫ్ చేయి పట్టుకొని, పెట్టెల నిండా బొమ్మలతో ఆమె సముద్రం దాటింది. రెండేళ్ళ చిన్న కుమారుడు తల్లి, భర్తల వద్ద పారిస్‌లో ఉండిపోయాడు. కొద్ది నెలలలో తిరిగి వస్తాననే ఆమె భావించి ఉండాలి. 1803లో యుద్ధం మళ్ళీ మొదలై దారులు మూసుకుపోయాయి. ఆమె ఎన్నడూ స్వదేశానికి తిరిగి వెళ్ళలేదు, భర్తను మరల చూడలేదు. ఆమె లేని కాలంలో పారిస్‌లోని ప్రదర్శనశాల అప్పులవారి పరమైంది. చిన్న కుమారుడు తల్లిని కలుసుకొనేటప్పటికి ఇరవై ఏళ్ళు దాటిన యువకుడు.

లండన్‌లో ఫిలిడోర్ తన దయ్యాల ఆటకే పెద్దపీట వేశాడు. లాభంలో వాటా తీసుకొన్నాడు గాని ఆమె బొమ్మలకు తగిన ప్రచారం ఇవ్వలేదు. స్కాట్లండులోని ఎడిన్‌బరోకు, అక్కడి నుండి ఐర్లండుకు వెళ్ళి, ప్రదర్శనల రాబడితో అతని బాకీ తీర్చి 1804లో ఆమె ఆ ఒప్పందం నుండి విముక్తురాలైంది. ఆనాటి నుండి లాభమైనా నష్టమైనా ఆమెదే.

తరువాత మూడు దశాబ్దాలు ఆమె జీవితం బండి మీదనే గడిచింది. ఊరు చేరడం, సభామందిరం అద్దెకు తీసుకోవడం, బొమ్మలను పెట్టెల నుండి విప్పి, విరిగిన వేళ్ళను అతికించి, నలిగిన దుస్తులను సవరించి, దీపాలు అమర్చడం, ఆదరణ తగ్గగానే మరల కట్టి మరో ఊరికి సాగడం. మన ఊళ్ళలో తోలుబొమ్మలాటవారు బండిపై బొమ్మలపెట్టెతో ఊరూరా తిరిగిన తీరు ఇటువంటిదే. గతుకుల దారులలో మైనపు ముఖాలకు బీటలు పడేవి. అందుకే ఆమెకు బొమ్మల కంటె అచ్చులు ముఖ్యం. అచ్చు ఉంటే ముఖాన్ని మరల పోతపోయవచ్చు. 1831లో బ్రిస్టల్ నగరంలో ఆమె ప్రదర్శన సాగుతుండగా పెద్ద అల్లర్లు చెలరేగి, చుట్టుపక్కల భవనాలు మంటలలో చిక్కాయి. బొమ్మలను వీధిలోకి మోసి కాపాడవలసి వచ్చింది. మంటలు ఆమె ప్రదర్శనను తాకకుండానే ఆగాయి.

ప్రతి ఊరిలోనూ కొత్తముఖం కావాలి. పట్టాభిషేకం జరిగితే పట్టాభిషేకం, హత్య జరిగితే హంతకుడు. వార్త పాతబడకముందే బొమ్మ నిలబడాలి. ఎవరు ప్రజల నోట ఉన్నారో గ్రహించి, వారిని చేర్చి, మరుగున పడినవారిని తొలగించేవారు. తొలగించిన బొమ్మ శరీరంపై మరొక తల అమరేది. కీర్తి ఎంత అస్థిరమైనదో ఆ ప్రదర్శనశాల వెనుకగదిలో పనిచేసేవారికి తెలిసినంత మరెవరికీ తెలిసి ఉండదు.

1835లో, 73 ఏళ్ళ వయసులో, ఆమె లండన్‌లోని బేకర్ వీధిలో స్థిరపడింది. పెద్ద హాలులో అద్దాలు, దీపాలు, సంగీతం, రాజుల వరుస. నాలుగవ జార్జి రాజు పట్టాభిషేక వస్త్రాలను కొని ప్రదర్శనకు పెట్టింది. ప్రవేశరుసుము ఆరు పెన్నీలు. మరో ఆరు పెన్నీలు చెల్లించినవారికి వేరొక గది తెరుచుకొనేది. అందులో విప్లవంలో తెగిన తలలు, హంతకుల బొమ్మలు ఉండేవి. ఆ గదికి తరువాత భయానక మందిరమనే పేరు స్థిరపడింది. మనుషుల దుర్మరణాన్ని రుసుము పెట్టి చూపడం తగునా అని పత్రికలు ఆనాడే ఆక్షేపించాయి. ఆ ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. మేరీ దానికి వాదనతో సమాధానమివ్వలేదు, గదిని మూసివేయనూ లేదు. వాటర్లూ యుద్ధవిజేత వెల్లింగ్టన్ ప్రభువు ఆ ప్రదర్శనకు తరచుగా వచ్చేవాడు. అతని చేత ఓడిన నెపోలియన్ బొమ్మ కూడా అక్కడే ఉండేది.

ఎనభయ్యో పడిలో కూడా నల్లని దుస్తులు, తెల్లని టోపీ, కళ్ళద్దాలు ధరించి ఆమె ద్వారం వద్ద కూర్చొని రుసుము వసూలు చేసేది. 1838లో ఆమె జ్ఞాపకాలు గ్రంథరూపంలో వెలువడ్డాయి. 1842లో తన బొమ్మను తానే తయారుచేసుకొంది. వందల ముఖాలకు మెరుగులు దిద్దిన ఆమె తన ముఖంలోని ముడతలను మాత్రం దాచలేదు. సన్నని పెదవులు, పొడవైన ముక్కు, లెక్కలు చూసుకొంటున్నట్లున్న చూపు - ఆమె చేసిన వాటిలో ఇది చాలా నిజాయితీ గల పని అనవచ్చు. 1850 ఏప్రిల్ 16న, 88 ఏళ్ళ వయసులో, లండన్‌లో నిద్రలోనే కన్నుమూసింది.

వ్యాపారం కుమారులకు, వారి నుండి మనుమలకు సంక్రమించింది. 1884లో ప్రదర్శనశాల మేరిల్‌బోన్ రోడ్డులోని సొంత భవనానికి మారింది. 1925లో అగ్నిప్రమాదం ఆ భవనాన్ని దహించింది. మైనం కరిగి ప్రవహించగా అనేక బొమ్మలు నశించాయి. 1940లో జర్మనీ విమానాలు వేసిన బాంబుకు తలల అచ్చులు మూడువందలకు పైగా పొడి అయ్యాయి. మిగిలిన అచ్చులతో పని మరల మొదలైంది. నేడు ఆ సంస్థకు ఆసియా నగరాలలో కూడా శాఖలున్నాయి. 2017లో బాహుబలి వేషంలో ప్రభాస్ బొమ్మను బ్యాంకాక్ శాఖలో నిలిపారు. మహేశ్‌బాబు బొమ్మను సింగపూర్ శాఖకు పంపే ముందు 2019లో హైదరాబాద్‌లో ఆవిష్కరించగా అభిమానులు బారులు తీరి చూశారు. కెమెరాలు, కొలతల యంత్రాలు వచ్చినా, తలపై వెంట్రుకలను నేటికీ చేతితో ఒక్కొక్కటిగానే గుచ్చుతున్నారు.

లండన్ ప్రదర్శనశాలలో అన్నిటికంటె ప్రాచీనమైన రూపం నిద్రిస్తున్న ఒక యువతిది. కర్టియస్ 1765లో తీసిన అచ్చు నుండి వచ్చినదని, పదిహేనవ లూయీ రాజు ప్రేయసి డు బారీ రూపమని చెబుతారు. డు బారీ 1793 డిసెంబరులో గిలోటిన్‌కు బలైంది. మైనపు బొమ్మలోపల అమర్చిన యంత్రం వల్ల ఆ యువతి ఎద నెమ్మదిగా లేస్తూ, దిగుతూ ఉంటుంది.